పాత బండల దారి తీసేసి కాంక్రీటు పోయించాలంటే: నల్లరేగడి నేల మీద ఇల్లున్నవాళ్ల కోసం

మా ఇల్లు కడపలో. గేటు నుంచి పోర్టికో దాకా పది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు దారి ఉంది. ఇల్లు కట్టించిన రోజుల్లో మా నాయన దానికి కడప బండలు పరిపించినాడు. స్కూటరు తిరిగినన్నాళ్లు ఆ బండలు చెక్కుచెదరలేదు. కారు వచ్చినాక ఒక్కొక్కటే ఊగడం మొదలైంది. వాన పడితే బండ అంచు మీద కాలు పెట్టగానే సందులోంచి బురదనీళ్లు ప్యాంటు మీదికి చిమ్మేవి.

2018లో బండలన్నీ పీకేసి కాంక్రీటు పోయించాం. రెండు వేసవులు తిరక్కముందే నడిమధ్యన అడ్డంగా బీట పడింది. గేటు పక్క మూల పైకి లేచింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగినప్పుడు మా వీధిలోనూ నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసిన పదిహేను రోజులకు అదే మూల ఇంకో అర అంగుళం లేచి, గేటు రెక్క తగిలి తెరుచుకోకుండా పోయింది. పగలగొట్టి చూస్తే నాలుగు అంగుళాలని ఒప్పుకున్న మందం మూడే ఉంది. దాని కింద గరుసు లేదు, కంకర లేదు, నేరుగా నల్లమట్టి. 2022 జనవరిలో మళ్లీ మొదటి నుంచి చేయించాం. ఆ రెండోసారి చేసిన పద్ధతినే ఇక్కడ వరసగా చెప్తున్నా. కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి మీద ఇల్లున్న ఎవరికైనా ఇది పనికొస్తుంది. ఎర్రనేల అయితే పని ఇంకా తేలిక. ఎక్కడ తేలికో మధ్యలో చెప్తాను.

ముందు పాత దారి ఎందుకు చెడిందో తేల్చుకోండి

గడ్డపార చేతికి తీసుకోకముందు ఒక వారం ఆ దారిని ఊరికే గమనించండి. రెండు బిందెల నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నీళ్లు ఇంటి గోడ వైపు పోతుంటే ముందు సరిచేయాల్సింది వాటం, అంటే నేల వాలు. కాంక్రీటు ఉన్నవాళ్లు బీటల్ని చూడండి. వెంట్రుక మందాన సాలెగూడులా అల్లుకున్నవి పోసిన రోజు ఎండకు పైపొర ఆరిపోవడం వల్ల వచ్చినవి. వాటివల్ల దారికి ప్రాణాపాయం లేదు. బీటకు ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా ఉంటే మాత్రం కింద నేల కదిలినట్టే. అదే బీట ఏప్రిల్, మే నెలల్లో వేలు దూరేంత తెరుచుకుని, కార్తీకంలో మూసుకుంటుంటే ఇక అనుమానం అక్కర్లేదు, అది నల్లమట్టి పనే. ఈ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద మూడంగుళాల కాంక్రీటు అంటే అప్పడం పరిచినట్టే.

ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ల్యాబుల్లో చేసేది కూడా ఇదే. అడుగున్నర లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, బాగా ఎండబెట్టి, మెత్తగా నూరి, మైదాపిండి జల్లెడలాంటి సన్నటి జల్లెడ పట్టండి. మందుల షాపులో కొలత గీతలున్న సన్నటి గాజు జాడీలు రెండు దొరికితే సరి, లేదంటే ఒకే సైజు గాజు గొట్టాలకు స్కేలు అంటించుకోండి. రెండింటిలోనూ పది గీతల మట్టి పోసి, ఒకదాన్ని నీళ్లతో, ఇంకోదాన్ని కిరోసిన్‌తో నింపి కలిపి, గాలి బుడగలు పోయాక ఒక రోజు కదపకుండా పెట్టండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో ఉబ్బుతుంది. మా మట్టి కిరోసిన్‌లో పది గీతల దగ్గరే కూర్చుంటే, నీళ్లలో పద్దెనిమిదికి లేచింది. అంటే 80 శాతం ఉబ్బు. 50 దాటిందంటే కింద మట్టి మార్చకుండా పైన ఏం పోసినా డబ్బు దండగ. 20 లోపే ఉంటే మీది మంచి నేల, తవ్వకం సగానికి సగం తగ్గుతుంది.

కాంక్రీటా, తారా, బ్లాకులా?

తారు దారి నల్లగా నిగనిగలాడుతుంది, వేసిన మర్నాడే తిరగొచ్చు. కానీ ఇంటి ముందుకు, అందులోనూ మన ఎండలకు, నేను వద్దనే చెప్తాను. రోడ్లకు మామూలుగా వాడే వీజీ30 రకం తారుకు మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీలుంటే చాలని ప్రమాణం. మే నెల మధ్యాహ్నం నల్లటి రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటిపోతుంది. నడిచే బండ్ల కింద రోడ్డు తట్టుకుంటుంది గానీ, గంటలకొద్దీ ఒకేచోట నిలబెట్టిన స్కూటరు సైడు స్టాండు కింద గుంట పడుతుంది. పెట్రోలు, డీజిలు చుక్కలు కారితే తారు కరిగి కంకర రాలుతుంది. పైగా 150 డిగ్రీల వేడి మీద ప్లాంటు నుంచి వచ్చే మిక్సు చల్లారేలోపు పరిచి రోలరు తిప్పాలి. ముప్పై అడుగుల దారి కోసం ఆ సరంజామా అంతా మీ గేటులోకి రాదు. డ్రమ్ములో తారు కాచి కంకర మీద చల్లిపోయే పనికి ఒప్పుకోవద్దు, అది రెండో వానకే లేచిపోతుంది. తోట ఇంటికి రోడ్డు నుంచి రెండు మూడు వందల అడుగుల దారి ఉంటే అప్పుడు తారు లెక్క కుదురుతుంది. అక్కడైనా కింద ఆరంగుళాల గట్టి మెటల్ (కంకర) పరుపు, రెండు వైపులా అంచు రాళ్లు ఉండాల్సిందే. అంచు రాళ్లు లేని తారు పక్కల నుంచి బిస్కెట్టులా విరిగిపోతుంది.

ఇంటర్‌లాక్ బ్లాకుల గురించి చాలామంది అడుగుతారు. నల్లనేల మీద అవి చెడ్డవేమీ కావు. ఒకచోట కుంగితే లేపి, కింద సర్ది, మళ్లీ పెట్టుకోవచ్చు. కారు ఎక్కే చోట 80 ఎంఎం మందం ఉన్నవే తీసుకోండి. అయితే సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయి, నల్లమట్టి ఉబ్బడానికి కావాల్సింది అదే. నేను కాంక్రీటు వైపు మొగ్గింది ఈ ఒక్క కారణానికే.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు

మా వైపు బేల్దారి పని చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటారు. ఆ లెక్కలో మందం ఎంత తగ్గితే మేస్త్రీకి అంత మిగులు. అందుకే సామాను మీరే తెప్పించి, కూలి మాత్రం మాట్లాడుకోవడం మేలు. మొత్తం కాంట్రాక్టు ఇస్తే కాగితం మీద మూడు మాటలు రాయించండి: కాంక్రీటు అయిదు అంగుళాలు, దాని కింద మెటల్ నాలుగు అంగుళాలు, దాని కింద గరుసు అడుగు. పోసే ముందు నేనొచ్చి కొలుస్తాను అని కూడా చెప్పండి. మా రెండో మేస్త్రీ మొదట నవ్వినాడు. "అన్నా, ఇది లారీలు పోయే రోడ్డా?" అన్నాడు. పాత స్లాబు ముక్క చేతికిచ్చి టేపుతో కొలవమన్నా. కొలిచినాక మారు మాట్లాడలేదు. పని కూడా అంతే శ్రద్ధగా చేసినాడు.

వేసవిలో ట్యాంకరు లోపలికొచ్చి సంపు నింపే ఇళ్లవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకరంటే నీళ్ల బరువే అయిదు టన్నులు. అలాంటి చోట అయిదంగుళాలు చాలదు, ఆరు పోయించండి.

నెల ఎంచుకోవడం: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. తుపానులు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ముదరదు. మట్టి కూడా మరీ ఉబ్బి గానీ మరీ ఎండి గానీ ఉండదు. మే నెలలో నెర్రెలిచ్చిన నేల మీద పోస్తే మొదటి పెద్దవానకు కింద నుంచి తోస్తుంది.

బండలు తీయడం, తవ్వడం

ముందుగా నేల కింద ఏముందో సున్నంతో గీతలు గీయండి: కుళాయి పైపు, సెప్టిక్ ట్యాంకు, బోరు కేబులు, ఎర్తింగ్ గుంత. మాకు మున్సిపల్ నీళ్ల పైపు గేటు కింద అడుగు లోతులోనే ఉంది. తెలియకుండా గడ్డపార వేసి ఉంటే వీధి వీధంతా నీళ్లు ఆగిపోయేవి.

కడప బండల్ని విరగ్గొట్టి పారేయకండి. అంచు సందులో గడ్డపార దూర్చి నెమ్మదిగా లేపితే చాలావరకు నిండుగా వస్తాయి. అడుగున అంటిన సిమెంటు చెక్కేస్తే మళ్లీ ఎక్కడైనా పరుచుకోవచ్చు. మా వాటిని పెరట్లో బట్టలుతికే చోట పరిచాం, మిగిలినవి మొక్కల పాదులకు గట్టు కట్టాం. నలభై ఏండ్లు కాళ్లు అరగదీసిన రాయి అది, ఇప్పుడు కొంటే ఆ నునుపు రాదు.

ఇప్పుడు మట్టాలు. పోర్టికో గచ్చు కంటే కొత్త దారి అర అంగుళమైనా కిందికి ఉండాలి, అక్కడి నుంచి గేటు వైపు వాలాలి. అడుగుకు పావు అంగుళం వాటం బాగుంటుంది. ముప్పై అడుగులకు ఏడున్నర అంగుళాలు. వీధి ఎత్తు పెరిగిపోయి అంత వాటం దొరక్కపోతే దాంట్లో సగానికి తగ్గకుండా చూసుకోండి. ట్యూబులో నీళ్లు పోసి మట్టం పట్టి, రెండు వైపులా మేకులు కొట్టి దారం కట్టండి. పని మొత్తానికి ఆ దారమే దేవుడు. గేటు రెక్క కింద ఎంత సందు మిగులుతుందో కూడా ఇప్పుడే కొలుచుకోండి.

ఆ దారం నుంచి కిందికి ఇరవై ఒక్క అంగుళం తవ్వాలి: కాంక్రీటుకు అయిదు, మెటల్‌కు నాలుగు, గరుసుకు పన్నెండు. నల్లమట్టిని పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు, అది చాలా లోతుగా ఉంటుంది. మనం చేస్తున్నది దానికీ కాంక్రీటుకూ మధ్య ఒక మెత్త వేయడం, దాని దగ్గరికి నీళ్లు పోకుండా మూయడం. వీలుంటే దారికి రెండు పక్కలా అడుగు వెడల్పు ఎక్కువ తవ్వండి. కాంపౌండు గోడ, పోర్టికో పిల్లర్ల పునాది పక్కన మాత్రం పునాది అడుగు కంటే లోతుకు పోవద్దు. గోడ పొడవునా ఒకేసారి తవ్వి వదిలేయకుండా కొంచెం కొంచెంగా తవ్వుతూ నింపుకుంటూ రండి. మా కొలతలకు ఏడెనిమిది ట్రాక్టర్ల మట్టి వచ్చింది. అందులో ఒక ట్రాక్టరు మట్టిని మూల కుప్ప పోయించండి, చివర్లో దానితో పని ఉంది.

ఎర్రనేలవాళ్లు, గరుసు నేలవాళ్లు ఇంత తవ్వక్కర్లేదు. పదంగుళాలు తీసి, గుంత అడుగున గట్టిగా దిమ్మిస కొట్టించి, నేరుగా మెటల్‌కు పోవచ్చు.

గరుసు నింపడం: ఇక్కడే దారి నిలబడేది, పడేది

తవ్విన గుంతను ఇసుకతో గానీ క్రషర్ డస్టుతో (రాతిపొడితో) గానీ నింపమని చాలామంది సలహా ఇస్తారు. నల్లమట్టిలో అది పొరపాటు. ఇసుకలో నీళ్లు సులువుగా దిగి అడుగున తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. చుట్టూ ఉన్న నల్లమట్టి వాటిని తీరిగ్గా తాగి ఉబ్బుతుంది. కావాల్సింది కొంచెం బంక ఉండి, ఉబ్బే గుణం లేని మన్ను. మన గుట్టల దగ్గర దొరికే ఎర్ర గరుసు సరిగ్గా అలాంటిదే. దాన్ని కూడా గాజు గొట్టాల పరీక్ష పెట్టి చూసుకుని తెప్పించండి. మా మూడు వందల చదరపు అడుగులకు నాలుగు ట్రాక్టర్లు పట్టింది.

గుంత అడుగున నల్లమట్టి మీద నీళ్లు చిలకరించి దిమ్మిస కొట్టించండి. తర్వాత గరుసును ఆరంగుళాల చొప్పున రెండు వరసలుగా వేయాలి. అడుగు మందం ఒకేసారి పోసి పైన ఎంత కొట్టినా కింద గుల్లగానే ఉంటుంది. తడి ఎంత ఉండాలో చేతితోనే తెలుస్తుంది. గుప్పెడు గరుసు గట్టిగా పిడికిట్లో నొక్కండి. ముద్దగా నిలబడి, వేలితో తడితే రెండు ముక్కలుగా విరగాలి. పొడిగా రాలిపోతే నీళ్లు చాలలేదు, అరచేతికి బురద అంటితే ఎక్కువైంది. ఆ తడి మీద ర్యామర్ మెషీను అద్దెకు తెచ్చి కనీసం నాలుగైదు సార్లు తిప్పించండి. కట్టె దిమ్మిసతో మనిషి కొట్టే దెబ్బ ఇంత మందానికి చాలదు. వరస పూర్తయినాక మడమ మీద బలమంతా వేసి నిలబడండి. గుంట పడిందా, మళ్లీ తిప్పాలి. నేను ప్రతి రెండడుగులకూ అలా నిలబడి చూసుకున్నా. గేటు పక్క మూల, మొదటిసారి లేచిన అదే మూల, మూడుసార్లు తిప్పించాల్సి వచ్చింది.

గరుసు వేసేటప్పుడే దారికి అడ్డంగా రెండు పీవీసీ పైపులు పాతిపెట్టండి, చివర్లకు మూతలు బిగించి. రేపు తోటకు నీళ్లో, గేటుకు లైటో, కెమెరా వైరో కావాలంటే కాంక్రీటు పగలగొట్టే పని లేకుండా పోతుంది. దీనికయ్యే ఖర్చు ఒక పూట కూలి కూడా కాదు.

గరుసు పైన నాలుగు అంగుళాల మెటల్. 40 ఎంఎం కంకర, దాని సందుల్లోకి డస్టు కలిపి, తడిపి, మెషీను తిప్పితే రోడ్డులా గట్టిపడుతుంది. ఇప్పుడు దారం నుంచి కిందికి ప్రతిచోటా అయిదు అంగుళాలు ఉన్నాయో లేదో టేపు పెట్టి చూడండి. ఎత్తుగా ఉన్నచోట చెక్కండి. మెటల్ ఎత్తైతే కాంక్రీటు పలచనవుతుంది, బీట సరిగ్గా అక్కడే పడుతుంది.

అచ్చులు, కడ్డీలు

ముప్పై అడుగులు ఒకే ముక్కగా పోయకండి. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. మనం సందు ఇవ్వకపోతే అదే తన ఇష్టం వచ్చిన చోట చీల్చుకుంటుంది. మేము పదడుగుల చదరాలు మూడు చేశాం. మొదటి రోజు అటు చివరది, ఇటు చివరది పోసి, మూడు రోజుల తర్వాత మధ్యది. ఒక్కో చదరానికి పది బస్తాల లోపే కాబట్టి చిన్న మిల్లరు (కాంక్రీటు కలిపే మెషీను), ఆరుగురు మనుషులతో ఎండ ఎక్కకముందే పని ముగుస్తుంది.

గోడకు, పోర్టికో మెట్టుకు, పిల్లరుకు కాంక్రీటు తగిలే ప్రతిచోటా అర అంగుళం థర్మోకోల్ షీటు నిలబెట్టండి. స్లాబు కదిలినా గోడను లాగదు. మెటల్ మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి, అతుకుల దగ్గర అడుగు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా. లేదంటే ఎండిన మెటల్ కాంక్రీటులోని నీళ్లు పీల్చేస్తుంది.

నల్లనేలకు కడ్డీ తప్పదు. 8 ఎంఎం కడ్డీలు రెండు వైపులా ఎనిమిది అంగుళాలకొకటి కట్టిస్తే మూడు వందల చదరపు అడుగులకు 115 నుంచి 120 కిలోలు అవుతుంది. ఈ జాలీ అడుగున పడి ఉంటే ఉన్నా లేనట్టే. పైనుంచి రెండు అంగుళాల కింద ఉండాలి. అందుకు తగ్గ ఎత్తు కవరు బిళ్లలు గానీ కుర్చీలు (జాలీని ఎత్తిపట్టే వంచిన కడ్డీ ముక్కలు) గానీ పెట్టించండి. "పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం లే అన్నా" అంటారు. ఆరుగురు తొక్కుతున్న జాలీని ఎవరూ లాగరు, లాగినా నిలవదు.

చదరానికీ చదరానికీ మధ్య ఒకటి ఎత్తు ఒకటి పల్లం కాకుండా 16 ఎంఎం నున్నటి గుండ్రటి కడ్డీ ముక్కలు, అడుగున్నర పొడవువి, అడుగుకొకటి చొప్పున మందం మధ్యలో అడ్డంగా పెట్టాలి. సగం ఒక చదరంలో, సగం రెండో దానిలో. రెండో సగానికి గ్రీజు పూయండి. స్లాబు అటూ ఇటూ జరగొచ్చు, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. ఇవి మామూలు గీతల కడ్డీ (టీఎంటీ) అయితే పని చేయవు, ఆ గీతలు కాంక్రీటును పట్టేసుకుంటాయి. ఇనుప కొట్లో నున్న కడ్డీ అని అడగండి.

పోసే రోజు

సిమెంటు మన ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి తాజాగా దొరుకుతుంది. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటింది వద్దు. బూడిద కలిపిన పీపీసీ ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది, కాకపోతే నీళ్లు ఎక్కువ రోజులు పట్టాలి. ఇసుకలో మన్ను ఎంతుందో సీసాలో చూడండి: సగం ఇసుక, ముప్పావు దాకా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి ఊపి మూడు గంటలు పెట్టండి. పైన పేరిన మెత్తటి మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపండి.

పాళ్లు ఎం20, అంటే ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఒక బస్తా సిమెంటు 35 లీటర్లు. కాబట్టి 35 లీటర్లు పట్టే పెట్టె ఒకటి చెక్కతో కొట్టించి బస్తాకు పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల 20 ఎంఎం కంకర కొలవండి. తట్టల లెక్క నమ్మొద్దు, పొద్దెక్కేకొద్దీ తట్ట చిన్నదవుతుంది. నీళ్లు బస్తాకు ఇసుకలో తడితో కలిపి 25 లీటర్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే 20, 22 చాలు. మొత్తం మా దారికి 29 బస్తాలు పట్టింది. ఇసుక 55 ఘనపుటడుగులు, కంకర 110. ఆరంగుళాల మందానికైతే 35 బస్తాలు అనుకోండి.

తెల్లవారి అయిదింటికే మొదలుపెట్టండి. ముందు రోజు సాయంత్రం కంకర కుప్ప తడిపి గోతాలు కప్పండి. డ్రమ్ముల్లో నీళ్లు నీడన పెట్టండి. మిల్లరులో ప్రతి బస్తా రెండు నిమిషాలు తిరగాలి. పోసింది పోసినట్టు వైబ్రేటరు పెట్టించండి, ముఖ్యంగా అంచుల్లో, కడ్డీ ముక్కల చుట్టూ. పైన బద్దతో లాగి చదును చేశాక ఒక చెమ్మ పొర మెరుస్తూ కనిపిస్తుంది. అది ఇంకేదాకా తాపీ తగలనివ్వకండి.

ఇక్కడ మేస్త్రీలు రెండు పనులు చేస్తారు, రెండూ ఆపాలి. ఒకటి, తాపీ ఆడటం లేదని చెంబుతో నీళ్లు చల్లడం. రెండోది, చెమ్మ త్వరగా పోవాలని పొడి సిమెంటు చల్లి నునుపు చేయడం. ఆ పైపొర ఏడాదిలో పొక్కులు పొక్కులుగా లేస్తుంది. అరికాలు ఆనిస్తే పావు అంగుళం గుర్తు పడే దశ వచ్చాక చెక్క తాపీ తిప్పించి, కొత్త కొబ్బరి చీపురుతో వాటానికి అడ్డంగా ఒక్కసారి లాగించండి. ఆ గీతలుంటే వానలో టైరు జారదు, ముసలివాళ్లు జారిపడరు. అద్దంలా నునుపు పోర్టికోలో పెట్టుకోండి.

గాలి వేగంగా వీస్తుంటే, ఎండ ముందే వచ్చేస్తే, చీపురు గీతలు పడగానే ప్లాస్టిక్ పట్టా కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి.

నీళ్లు పట్టడం

తవ్వి తీసిన నల్లమట్టితో ఇప్పుడు పని. మర్నాడు పొద్దున్నే దాన్ని ముద్దలుగా పిసికి, స్లాబు చుట్టూ, వాటానికి అడ్డంగా అయిదడుగులకొకటి చొప్పున చిన్న గట్లు కట్టించండి. వాలు ఉంది కాబట్టి నడుమ గట్లు లేకపోతే నీళ్లన్నీ గేటు దగ్గరే చేరతాయి. నీళ్లు ఆపడంలో ఈ మట్టిని మించింది లేదు. గట్ల మధ్య ఒకటి రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పీపీసీకి, మన పొడి ఎండలకు పది రోజులు కనీసం, మేము పద్నాలుగు ఉంచాం. పొద్దున పోసి సాయంత్రం చూస్తే ఎండిపోయి ఉంటుంది, మధ్యాహ్నం ఇంట్లో ఎవరో ఒకరు చూసుకోవాలి. మా అమ్మ రోజూ పన్నెండింటికి పైపు పట్టుకుని నిలబడేది.

మనుషులు నడవడానికి ఒక రోజు, కారుకు పది రోజులు, ట్యాంకరుకు 28 రోజులు ఆగండి. ఏడో రోజుకు కాంక్రీటు తన బలంలో మూడింట రెండు వంతుల దాకానే చేరుతుంది.

పోసిన తర్వాత

దారికి రెండు పక్కలా మట్టి కనిపిస్తే పని సగమే అయినట్టు. అక్కడ పడే వాన స్లాబు కిందికే పోతుంది. రెండు వైపులా రెండడుగుల వెడల్పున పాత బండలు గానీ పలచటి కాంక్రీటు గానీ బయటికి వాలేలా వేయించండి. ఏసీ నీళ్ల పైపు, మిద్దె మీది వాన పైపు దారి అంచున వదిలి ఉంటే తీసి కాలువలోకి కలపండి. యాభై మిల్లీమీటర్ల వాన పడిందంటే ఈ మూడు వందల చదరపు అడుగుల మీద 1,400 లీటర్ల నీళ్లు. ఇంకుడు గుంత తవ్వేవాళ్లు స్లాబుకు పదడుగుల దూరంగా తవ్వండి. గేటు బయట కాలువ మీద ర్యాంపు పోసేస్తే మున్సిపాలిటీ వాళ్లు పూడిక తీయలేరు, ఆ నీళ్లు తిరిగి మీ గేటు కిందికే వస్తాయి. కాలువ మీద లేపడానికి వీలైన పలకలే వేయించండి. వాటికి మా పాత కడప బండలు రెండు సరిపోయాయి గానీ, కారు ఎక్కే చోటు కాబట్టి కింద కడ్డీ వేసిన పలకలు పెట్టాం.

నెల దాటాక చదరాల మధ్య సందులు ఊడ్చి, పొడిగా ఉన్న రోజు చూసి, సాగే గుణం ఉన్న జాయింటు సీలెంటు గానీ కాచిన తారు గానీ నింపండి. సిమెంటుతో మాత్రం పూడ్చకండి, సందు ఇచ్చిందే దానికి. తర్వాత ప్రతి ఏడాదీ మే నెలాఖరున, వానలకు ముందు, ఆ సందుల వెంట ఒకసారి వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. ఎక్కడ సీలెంటు అంచు వదిలి గోరు దూరేంత సందు కనిపిస్తే అక్కడ గీకి మళ్లీ నింపండి. మాకు పోయిన ఏడాది పోర్టికో పక్క ఒకచోట, రెండడుగుల మేర, అలా వదిలింది. ఒక ట్యూబు సీలెంటుతో అరగంటలో అయిపోయింది.